బండి ఇచ్చాను, గేటు వెయ్యమ్మా

గుడివాడ నుంచి బందరు వెళ్ళే రైలు లైన్లో, రెండు స్టేషన్ల మధ్య, పొలాల నడుమ ఒక గేటు ఉండేది. దానికి పేరు లేదు, నంబరు మాత్రమే. గేటుకి ఒకవైపు ఊరు, చేపల చెరువులు, వరిచేలు. రెండోవైపు బందరు పోయే తారురోడ్డు. ఊళ్ళోవాళ్ళు ఆసుపత్రికి వెళ్ళాలన్నా, పిల్లలు కాలేజీకి వెళ్ళాలన్నా, సంతకు వెళ్ళాలన్నా ఆ గేటు దాటాల్సిందే.

ఆ గేటులో కల్పన పనిచేసేది. డిగ్రీ అయ్యాక రైల్వే పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం. మొదట కొంతకాలం ట్రాక్ మీద ఎండలో పనిచేసి, తర్వాత గేటుకి వచ్చింది. భర్త ప్రేమ్ సాగర్ బందరు పక్కనున్న గిలకలదిండి హార్బర్లో బోటు ఇంజన్లు బాగుచేసేవాడు. అత్తగారు కృపమ్మకి మోకాళ్ళ నొప్పులు, బీపీ. ముగ్గురూ ఆ ఊళ్ళోనే, గేటు కనిపించేంత దూరంలో ఒక డాబాలో అద్దెకుండేవాళ్ళు.

గేటు గదిలో ఒక ఫోను ఉండేది. అది పక్క స్టేషన్‌కి తప్ప ఇంకెక్కడికీ పోదు. స్టేషన్ మాస్టరు చలపతిరావు గారు ఆ ఫోన్లో పిలిచి ఏ వైపు నుంచి బండి వస్తోందో చెప్పేవారు. "బండి ఇచ్చాను, గేటు వెయ్యమ్మా" అని ఎప్పుడూ ఒకే మాట. కల్పన వెళ్ళి హ్యాండిల్ తిప్పి రెండువైపులా బార్లు దించి, తాళం వేసి, తిరిగి ఫోన్లో ఒక నంబరు చెప్పేది. ఆ నంబరు చెబితే గేటు పడినట్టు లెక్క. ఆ తర్వాత బండి దాటేదాకా గానీ, బండి రావడం లేదని మాస్టరు స్వయంగా చెప్పేదాకా గానీ గేటు తియ్యడానికి లేదు. కలెక్టరు వచ్చి నిలబడ్డా తియ్యకూడదు. మూసిన గేటుని ఎవరైనా బలవంతంగా తెరిస్తే రైల్వే చట్టంలో నూట అరవయ్యో సెక్షను కింద జైలని గది గోడకి బోర్డు కూడా ఉండేది.

కల్పనకి ఈ నియమాలంటే విసుగు ఉండేది కాదు. ట్రైనింగులో చెప్పిన పెద్దాయన, తెరిచి ఉన్న గేట్ల మీద తాను చూసిన శవాల గురించి చెప్పి, మూసిన గేటు దగ్గర ఎవరూ చావరు, ఆ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి చాలు అన్నాడు. ఆమె గుర్తుపెట్టుకుంది.

ఊళ్ళో శోభనాద్రి అనే రైతు ఉండేవాడు. గేటు పడిందంటే సైకిలు దిగి రైల్వేవాళ్ళందర్నీ కలిపి తిట్టేవాడు. తెరిచాక నవ్వుతూ వచ్చి, సంచీలోంచి గుప్పెడు దొండకాయలో, నాలుగు వంకాయలో తీసి గది గుమ్మంలో పెట్టి పోయేవాడు. కల్పన ఆయన్ని బాబాయ్ అనేది. ఆయన భార్య మహాలక్ష్మి ఆకుకూరలు కట్టలు కట్టి రోడ్డు మీద బస్సు ఎక్కి బందరులో అమ్ముకొచ్చేది.

నవంబరులో తుఫాను పట్టింది. తీరం దాటేది ఒంగోలు వైపు అన్నారు గానీ, రెండు రోజులుగా ఇక్కడ కూడా ముసురు, ఉండుండి ఈదురు గాలి. మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు. సెల్‌ఫోన్లకు సిగ్నల్ లేదు. కోతకొచ్చిన చేలు నీళ్ళలో పడుకున్నాయి. రోడ్డు మీద మనిషి అలికిడి లేదు. తడిసిన గడ్డివాసన, చెరువుల మీంచి వచ్చే నీచువాసన తప్ప ఇంకేమీ లేవు.

పొద్దు కూకే వేళకి ఫోను మోగింది.

"బండి ఇచ్చాను, గేటు వెయ్యమ్మా."

చలపతిరావు గారి గొంతే. కాస్త బొంగురుగా, దూరంగా ఉంది. వానకి లైను అలాగే ఉంటుంది లెమ్మనుకుంది. ఏ వైపు నుంచి అని అడిగితే వెంటనే జవాబు రాలేదు. తర్వాత, గుడివాడ వైపు నుంచి అన్నారు. కల్పన రెయిన్‌కోటు వేసుకుని వెళ్ళి గేటు దించి, తాళం వేసి, లోపలికొచ్చి నంబరు చెప్పింది. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించలేదు. ఊపిరి మాత్రం కాసేపు వినిపించింది.

బండి రాలేదు.

ఆమె ఆకుపచ్చ లైటు పట్టుకుని గది ముందు నిలబడింది. గుడివాడ వైపు పట్టాలు వానలోకి వెళ్ళి మాయమైపోతున్నాయి. తుఫాను కాబట్టి మెల్లగా వస్తోందేమో అనుకుంది. చీకటి పడింది.

అప్పుడు ఊరివైపు నుంచి ఒక ఆటో వచ్చింది. నడిపేది గంగరాజు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ఆటో అతనిది. దగ్గరికి రాకముందే హారన్ కొడుతూనే ఉన్నాడు. వెనక సీట్లో మహాలక్ష్మి, ఆమె ఒళ్ళో తల పెట్టి శోభనాద్రి.

పడిపోయిన చేలో నీళ్ళు పోయేలా గట్టు తవ్వుతుంటే తాచుపాము కరిచిందని గంగరాజు చెప్పాడు. కాలికి తువ్వాలు కట్టారు. కాలు వాచి ఉంది. అంతకంటే భయంగా ఉన్నవి ఆయన కళ్ళు. రెప్పలు వాలిపోతున్నాయి. ఎత్తాలని చూస్తున్నాడు, ఎత్తలేకపోతున్నాడు. మాట ముద్దగా వస్తోంది. బందరు పెద్దాసుపత్రికి వెళ్తే మందుంది. రోడ్డెక్కితే ఎంతోసేపు పట్టదు.

"గేటు తియ్యక్కా" అన్నాడు గంగరాజు.

కల్పన పరిగెత్తుకుంటూ గదిలోకి వెళ్ళి ఫోను తిప్పింది. చాలాసేపు ఏమీ లేదు. గాలి ఈలలాంటి మోత. తర్వాత ఎవరో ఎత్తారు. పాము కరిచిన మనిషి ఉన్నాడు, బండి ఎక్కడుంది మాస్టారూ, ఒక్క నిమిషం తీసి వేసేస్తాను అని గబగబా చెప్పింది.

"బండి వస్తోంది" అంది గొంతు.

"ఎంత దూరంలో ఉందండీ?"

"బండి వస్తోంది. గేటు తియ్యకు."

ఆ మాట గుసగుసలా వచ్చింది. చలపతిరావు గారు ఎప్పుడూ గుసగుసగా మాట్లాడిన మనిషి కాదు. కానీ గొంతు ఆయనదే. కల్పన బయటికి వచ్చి, బండి దగ్గర్లో ఉందట, దాటగానే తీస్తానంది.

మహాలక్ష్మి ఏడవలేదు. మొగుడి చెంప మీద అరచెయ్యి ఆనించి, నిద్రపోవద్దు, నిద్రపోవద్దు అని అదే పనిగా అంటోంది.

గంగరాజు ఓపిక పట్టలేకపోయాడు. శోభనాద్రిని భుజాన వేసుకున్నాడు. బారు కింద నుంచి దూరి అవతలికి మోసుకెళ్తే రోడ్డు మీద ఏదో ఒక బండి దొరక్కపోదు. తప్పని తెలిసి కూడా కల్పన అడ్డుపడలేదు. తానే బారు కింద వంగి లైటు చూపించింది.

గంగరాజు మొదటి పట్టా మీద కాలు పెట్టాడు.

హారన్ మోగింది.

చాలా దగ్గరగా. చెవులు పగిలేంత. కంకర కదిలింది. కాళ్ళ కింద నేల వణికింది. ముఖాల మీదికి వేడిగాలి కొట్టింది. ఇనుము కాలిన వాసన, బ్రేకులు పట్టినప్పుడు వచ్చే వాసన. కల్పన గంగరాజు చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. ముగ్గురూ బురదలో పడ్డారు.

బండి లేదు.

రెండు లైన్లూ ఖాళీగా ఉన్నాయి. వాన పట్టాల మీద పడి చిట్లుతోంది. దీపం లేదు, నీడ లేదు. కల్పన మోకాళ్ళ మీద కూర్చుని పట్టా మీద చెయ్యి వేసింది. పట్టా జుమ్మని మోగుతోంది, తేనెపట్టు మీద చెయ్యి పెట్టినట్టు.

గంగరాజు మళ్ళీ ప్రయత్నించాడు. కాలు ఎత్తగానే మళ్ళీ హారన్. ఈసారి అతను బారు దాటలేదు. శోభనాద్రిని గది అరుగు మీద పడుకోబెట్టి, దూరంగా జరిగి, తల పట్టుకుని కూర్చుండిపోయాడు.

కల్పన మళ్ళీ ఫోను తిప్పింది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ తిప్పింది. తాళంచెవి ఆమె చేతిలో ఉంది. అరచెయ్యి కోసుకుపోయేలా బిగించి పట్టుకుంది. తియ్యాలి. కానీ ఆ హారన్ చెవుల్లోనే ఉంది. తీసి, ఆటో పట్టాల మీదికి వెళ్ళాక...

"అమ్మాయ్."

శోభనాద్రి. ఆయన కళ్ళు పూర్తిగా మూసుకుపోయాయి. పెదవులు మాత్రం కదులుతున్నాయి. కల్పన వంగింది.

"బండి వచ్చేసిందిగా."

"ఎక్కడ బాబాయ్?"

"ఇదిగో... ఇక్కడే ఆగింది. దీపాల్లేవు లోపల." ఊపిరి కోసం ఆగాడు. "కిటికీల దగ్గర కూర్చున్నారు. అందరూ... ఇటే చూస్తున్నారు."

మహాలక్ష్మి తల తిప్పి లైను వైపు చూసింది. గంగరాజు చూడలేదు. కల్పన చూసింది. వాన. ఖాళీ పట్టాలు. కానీ ఒకచోట... గేటుకి ఎదురుగా, ఒక రైలుపెట్టె పొడవున... వాన నేల మీద పడడం లేదు.

"జరుగుతున్నారు" అన్నాడు శోభనాద్రి. అది ఆయన గొంతులా లేదు. ఎవరో మర్యాద చేస్తే మొహమాటపడుతున్న మనిషి గొంతులా ఉంది. "జరిగి... చోటిస్తున్నారు."

ఆ తర్వాత ఆయన ఛాతీ కదల్లేదు.

గాలి ఒక్కసారి ఊగింది. చక్రాలు జాయింట్ల మీద పడే చప్పుడు మొదలైంది. మెల్లగా... తర్వాత వేగంగా... బందరు వైపు దూరమై, ఆగిపోయింది. గేటు ముందు వాన మళ్ళీ నేల మీద పడసాగింది.

గదిలో ఫోను మోగింది.

కల్పన ఎత్తింది.

"బండి దాటింది. గేటు తియ్యొచ్చమ్మా."

మర్నాడు పొద్దున వాన తగ్గాక చలపతిరావు గారు మోటారు సైకిలు మీద స్వయంగా వచ్చారు. ఆయన రిటైరవడానికి దగ్గర్లో ఉన్న మనిషి, బందరులో మేష్టర్ల కుటుంబం. గొంతు పెంచి మాట్లాడ్డం ఎవరూ వినలేదు. గదిలో కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మెల్లగా చెప్పారు. గాలి వల్ల మధ్యాహ్నమే బండ్లన్నీ గుడివాడలో ఆపేశారట. ఆ కబురు చెబుదామని ఆయన ఎంత తిప్పినా గేటు ఫోను పలకలేదట. దార్లో ఒక తాడిచెట్టు కూలి కేబులు తెగిపోయింది. చీకటి పడడానికి చాలా ముందే తెగిపోయింది. స్టేషన్లో ఫోను మాటలు రికార్డయ్యే పెట్టె ఉంది. అందులో ఆ సాయంత్రం ఒక్క మాట లేదు.

"మరి నాతో మాట్లాడిందెవరండీ?" అని అడిగింది కల్పన.

చలపతిరావు గారు ఫోను వైపు చూసి, చూపు తిప్పుకున్నారు.

విచారణ జరిగింది. గంగరాజు మొదటిరోజు హారన్ విన్నానని చెప్పాడు. రెండోరోజు, గాలిమోత అయ్యుంటుంది సార్ అన్నాడు. మహాలక్ష్మిని అడిగితే, గేటు తియ్యలేదండీ అని ఆ ఒక్క మాటే చెప్పింది. చివరికి కల్పన తప్పు లేదని తేల్చారు. ఫోను పనిచేయనప్పుడు, అనుమానం ఉన్నప్పుడు, గేటు మూసి ఉంచడమే నియమమట. ఆమె నియమం తప్పలేదు.

ఆ మాట ఆమెకి ఊరట ఇస్తుందని ప్రేమ్ సాగర్ అనుకున్నాడు. ఆ రాత్రి ఆమె అన్నం ముందు కూర్చుని, తప్పు చేశావని ఎవరైనా అంటే బాగుండేదంది. అతను ఉద్యోగం మానెయ్యమన్నాడు. కృపమ్మ కూడా అదే మాట అంది. కానీ ఆ జీతం మీదే ఇల్లు నడుస్తోంది, బదిలీకి పెట్టుకున్న అర్జీ ఎక్కడో కూర్చుంది. కల్పన డ్యూటీకి వెళ్తూనే ఉంది.

అప్పట్నుంచి ఆమెకి ఒక అలవాటు వచ్చింది. చలపతిరావు గారు పిలిచి బండి ఇచ్చానని చెప్పాక, గేటు వేసి, ఆయనకి తిరిగి ఫోను చేసి, నిజంగా ఇచ్చారా మాస్టారూ అని అడిగేది. ఆయన విసుక్కోలేదు. ఇచ్చానమ్మా అని ప్రతిసారీ చెప్పేవారు. బండి వచ్చేది. దాటేది. ఆమె అప్పుడు ఊపిరి పీల్చుకునేది.

మహాలక్ష్మి రోజూ ఆకుకూరల గంపతో గేటు దాటేది. గేటు పడి ఉంటే బారుకి ఇవతల నిలబడేది. కల్పన వైపు చూసేది కాదు. ఒకసారి కల్పన పిన్నీ అని పిలిచింది. ఆమె గంప ఒక చంక నుంచి ఇంకో చంకకి మార్చుకుంది, అంతే.

క్రిస్మస్ వెళ్ళిపోయింది. ఊళ్ళో చర్చి మీద కాగితం నక్షత్రం మంచుకి తడిసి వేలాడుతోంది. జనవరి మొదట్లో పొగమంచు పట్టింది. తెల్లవారుజామున చేలూ చెరువులూ పట్టాలూ ఏవీ కనిపించవు. గది గుమ్మంలో నిలబడితే గేటు బారు సగం వరకే కనిపిస్తుంది.

ఆ పొద్దున కల్పన డ్యూటీ ఎక్కిన కాసేపటికి ఫోను మోగింది.

"బండి ఇచ్చాను, గేటు వెయ్యమ్మా. బందరు నుంచి."

గేటు వేసింది. నంబరు చెప్పింది. ఎప్పట్లాగే మళ్ళీ ఫోను తిప్పింది. అవతల మోగుతోంది, ఎత్తడం లేదు. ఇంకోసారి తిప్పింది. ఎత్తలేదు.

బండి రాలేదు.

మంచులోంచి ఆటో దీపం కనిపించింది, పసుపు మరకలా. గంగరాజు దిగలేదు. వెనకనుంచి ప్రేమ్ సాగర్ దిగాడు. లోపల కృపమ్మ. గుండె పట్టుకుని వంగిపోయి ఉంది. ముఖం బూడిద రంగులో ఉంది, పైట చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయింది.

ప్రేమ్ సాగర్ గేటు తియ్యమని అడగలేదు. భార్య ముఖం చూసి, బారు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

కల్పన మళ్ళీ ఫోను దగ్గరికి పరిగెత్తింది. మోగుతోంది... మోగుతోంది... సెల్‌ఫోన్లో చేసింది. చలపతిరావు గారి నంబరు బిజీ. బయటికి వచ్చి పట్టాల మీద రెండు చేతులూ ఆనించింది. చల్లటి ఇనుము. చడీ చప్పుడూ లేదు. గాలి కదలడం లేదు. ఏ వాసనా లేదు, మంచువాసన తప్ప. ఆ రోజు ఇలా లేదు. ఆ రోజు పట్టా మోగింది.

ఆమె ఆటోలోకి వంగి, అత్తగారి చెయ్యి పట్టుకుని అడిగింది. "అత్తయ్యా, మీకేమైనా కనిపిస్తోందా? అక్కడ, లైన్ మీద?"

కృపమ్మ కష్టంగా తల తిప్పింది. "ఏం లేదమ్మా. మంచు."

"కిటికీలు గానీ, మనుషులు గానీ..."

"ఏం లేదు."

వెనక ఎవరో వచ్చి ఆగిన అలికిడి. మహాలక్ష్మి. నెత్తిన గంప, గంపలో తోటకూర కట్టలు. ఆమె ఆటోలోకి చూసింది. కృపమ్మని చూసింది. తర్వాత కల్పన ముఖంలోకి చూసింది, రెండు నెలల్లో మొదటిసారి.

"తియ్యమ్మా" అంది. "ఆ రోజూ వస్తోంది వస్తోందనే అన్నావు."

కల్పన తాళం తీసింది.

హ్యాండిల్ తిప్పుతుంటే ఎక్కడా ఏ హారనూ మోగలేదు. బార్లు లేచాయి. ప్రేమ్ సాగర్ ఎక్కగానే గంగరాజు ఆటోని ఒక్క ఊపున పట్టాల మీదికి దూకించాడు. మొదటి లైను దాటింది. రెండోది దాటింది. అవతల రోడ్డెక్కి, ఎర్రదీపం మంచులో కలిసిపోయింది. కల్పన హ్యాండిల్ పట్టుకుని నిలబడి, ప్రభువా, ప్రభువా అనుకుంది. ఏమీ కాలేదు. దాటేశారు.

మహాలక్ష్మి నడుస్తోంది. తెరిచిన గేటు కదా. గంప మీద ఒక చెయ్యి వేసుకుని, చెప్పులు కంకరలో ఇరుక్కోకుండా చూసుకుంటూ, రెండో లైను మీద అడుగు పెట్టింది.

ముందు బండి వచ్చింది. చప్పుడు దాని వెనక వచ్చింది.

ఆ తర్వాత చాలాసేపటికి, బండి ఆగాక, మంచులో మనుషుల కేకల మధ్య, గదిలో ఫోను మోగింది. చలపతిరావు గారు. ఇందాక నువ్వు చేసినప్పుడు అవతలి స్టేషన్‌తో లైన్లో ఉన్నానమ్మా, బండి దాటిందా అని అడిగారు. కల్పన రిసీవరు చెవికి పెట్టుకుని నిలబడింది. గోడ పక్కన, గుమ్మం దగ్గర, నేల మీద తోటకూర చెదిరి పడి ఉంది. అంత దూరం వచ్చి పడింది.

ఈసారి రికార్డులో అన్నీ ఉన్నాయి. బండి ఇచ్చిన మాట ఉంది. కల్పన నంబరు చెప్పిన మాట ఉంది. ఇంజన్లో కూడా రికార్డుంది. డ్రైవరు, హారన్ కొట్టమని పట్టాల పక్కన పెట్టిన బోర్డు దగ్గర్నుంచీ గేటు వరకూ హారన్ కొడుతూనే వచ్చాడు. గేటు దగ్గర మాత్రం ఎవరికీ వినిపించలేదు. ఆ మాట కల్పన విచారణలో చెప్పింది. ఎవరూ రాసుకోలేదు.

ఉద్యోగం పోయింది. కేసు నడుస్తోంది. కృపమ్మ బతికింది. విజయవాడలో స్టెంటు వేసి పంపించారు. కోలుకున్నాక మొదటి ఆదివారం చర్చిలో లేచి, నా కోసం దేవుడు గేటు తెరిచాడని సాక్ష్యం చెప్పింది. కల్పన మధ్యలో లేచి బయటికి వెళ్ళిపోయింది.

ఆ ఊళ్ళో ఉండలేక గిలకలదిండి వచ్చేశారు. హార్బరుకి దగ్గర్లో ఇల్లు. పొద్దున ఐసు దంచే చప్పుడు, వేలం పాట కేకలు, సాయంత్రం బోట్లు తిరిగొచ్చే మోత. కల్పన ఇల్లు దాటి పెద్దగా బయటికి వచ్చేది కాదు. వలలు బాగుచేసే పని ఇంటికి తెచ్చుకుని, దారం ముళ్ళు వేస్తూ కూర్చునేది. ఇంటి ముందు ఎవరి సెల్‌ఫోను మోగినా ఆమె వేళ్ళు ఆగిపోయేవి.

వేసవి వెళ్ళేసరికి ఆ గేటే తీసేశారు. భద్రత కోసం గేట్లు ఒక్కొక్కటీ ఎత్తేస్తున్నారు కదా. పట్టాల కింద నుంచి సబ్‌వే తవ్వి, పాత దారికి అడ్డంగా పాత పట్టాల ముక్కలు పాతేశారు. గది కూలగొట్టారు. ఫోను పీకేసి, కేబులు చుట్టి పట్టుకుపోయారు. ఆ కబురు ప్రేమ్ సాగర్ చెప్పినప్పుడు కల్పన తల ఊపింది. ఇంకెవరూ అక్కడ నిలబడనక్కర్లేదు అనుకుంది.

ఆగస్టులో ఒక సాయంత్రం ఆమె సెల్‌ఫోనుకి చలపతిరావు గారు చేశారు.

మొదట కుశలమడిగారు. నెలాఖరుకి రిటైరవుతున్నానని చెప్పారు. తర్వాత మాట తడబడింది. ఎవరికీ చెప్పలేదమ్మా, చెబితే నాకు మతిపోయిందంటారు, నీకు చెప్పక తప్పదనిపించింది అన్నారు.

"ఆ గేటు ఫోను ఇక్కడ మోగుతోంది."

కల్పన ఒళ్ళో ఉన్న వల మీంచి తలెత్తింది.

"అవతల తీగ లేదు. ఇక్కడ మా టేబులు మీద ఫోను పెట్టె ఇంకా తియ్యలేదు. చీకటి పడే వేళకి మోగుతుంది. ఎత్తేదాకా ఆగదు. వారం నుంచి ఎత్తుతున్నాను."

"ఎవరండీ?"

"నువ్వేనమ్మా."

ఆమె చేతిలో వల జారింది.

"నీ గొంతే. గేటు వేశాను మాస్టారూ అంటావు. నంబరు చెబుతావు. నేను బండి ఇవ్వలేదమ్మా అంటే వినవు." ఆయన ఊపిరి బరువుగా వస్తోంది. "రోజూ అంతే, చెప్పి ఫోను పెట్టేసేదానివి. ఇవాళ పెట్టలేదు. ఇప్పుడు కూడా లైన్లోనే ఉన్నావు. వెనక ఎవరో బతిమాలుతున్నారు గేటు తియ్యమని. మగమనిషి. నిన్ను కల్పనా అని పిలుస్తున్నాడు." గొంతు తగ్గించారు. "మీ ఆయన ఇంట్లోనే ఉన్నారా అమ్మా?"

కల్పన గుమ్మంలోంచి చూసింది. ప్రేమ్ సాగర్ ఇంటి ముందు కుళాయి దగ్గర కూర్చుని, సబ్బు రాసి చేతుల గ్రీజు కడుక్కుంటున్నాడు. వీపు ఇటువైపు ఉంది.

"ఉన్నారండీ" అంది. "ఇక్కడే ఉన్నారు."

"మరి ఇక్కడ ఇంకా పిలుస్తూనే ఉన్నాడమ్మా" అన్నారు చలపతిరావు గారు.

ఆయన ఆ రిసీవరుని సెల్‌ఫోనుకి ఆనించినట్టున్నారు. ముందు గాలిమోత వినిపించింది. వాన పడుతున్న చప్పుడు వినిపించింది. గిలకలదిండిలో ఆ రోజు వాన లేదు. దాని వెనక ప్రేమ్ సాగర్ గొంతు, ముద్దముద్దగా, ఓపిక లేకుండా... కల్పనా, తియ్యవే... కల్పనా...

తర్వాత ఇంకో గొంతు. దగ్గరగా. ఏ తొందరా లేకుండా, డ్యూటీలో ఉన్నప్పుడు తాను మాట్లాడే గొంతు.

"తియ్యను. బండి ఇంకా దాటలేదు."